ఉప్పు ఎంత తింటున్నారని అడిగితే ఏం తెలుస్తుంది?

ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్ళు రోజుకి సగటున 9.46 గ్రాముల ఉప్పు తింటున్నారు. ఢిల్లీ, హర్యానాల్లో అయితే 8.59 గ్రాములు. రెండుచోట్లా కలిపి 1,395 మందిని పరిశీలించి 2017లో వెలువరించిన ఒక అధ్యయనం చెప్పిన లెక్క ఇది. రోజుకి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది కాబట్టి, మనం దాదాపు రెట్టింపు లాగించేస్తున్నామన్నమాట. ఇలాంటి వార్త చదివినప్పుడు ఎవరి చూపైనా ఆ ‘రెట్టింపు’ మీదే ఆగుతుంది. నా చూపు మాత్రం చివర్లో ఉన్న ఆ .46 మీద ఆగింది. డబ్బాలోంచి ఉప్పు చేత్తో తీసి, కంటితో అంచనా వేసి కూరలో వేసే ఇళ్ళు మనవి. అలాంటి చోట గ్రాములో వందో వంతు దాకా లెక్క ఎలా తేల్చారు?

అడిగి తెలుసుకున్న అంకె కాదది. ఒక్కొక్కరి దగ్గర ఇరవై నాలుగు గంటల మూత్రం సేకరించి, అందులోని సోడియం కొలిచి, దాన్ని ఉప్పు లెక్కలోకి మార్చారు. ఇంత తంటా దేనికి, ఇంటింటికీ వెళ్ళి నాలుగు ప్రశ్నలు అడిగితే పోయేదిగా అనిపించడం సహజం. ప్రపంచంలో చాలాచోట్ల అలా అడుగుతూనే ఉన్నారు. కాకపోతే ఆ జవాబుల్ని గ్రాముల్లోకి మార్చబోయేసరికి చిక్కులు మొదలవుతాయి. అవి ఎలాంటి చిక్కులో, అవన్నీ తెలిసీ ప్రశ్నావళిని ఎందుకు పక్కన పడేయకూడదో చూద్దాం.

మూత్రం క్యాన్‌తో మొదలుపెట్టాలి

ఉప్పంటే సోడియం క్లోరైడ్. ఒక గ్రాము ఉప్పులో సోడియం సుమారు 0.4 గ్రాములు ఉంటుంది. అందుకే ప్యాకెట్ మీద సోడియం అని రాసిన అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. మనం తిన్న సోడియంలో దాదాపు 90 శాతం మూత్రంలోనే బయటికి పోతుంది. కాబట్టి ఒక రోజు మూత్రమంతా పట్టి కొలిస్తే, ఆ మనిషి నోరు తెరిచి ఏమీ చెప్పక్కర్లేకుండానే ఎంత తిన్నాడో దాదాపుగా తెలుస్తుంది. కూరలో వేసిన ఉప్పు, ఆవకాయలో ఉప్పు, బ్రెడ్డులో ఉప్పు, అప్పడాల పిండిలో కలిపే సోడాలోని సోడియం అన్నీ అందులోకే వస్తాయి.

1988లో ఫలితాలు ప్రకటించిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం ఈ పద్ధతినే నమ్ముకుంది. 32 దేశాల్లో 52 చోట్ల, 10,079 మంది దగ్గర మూత్రం సేకరించారు. మన దేశం నుంచి ఢిల్లీ, లడఖ్ అందులో ఉన్నాయి. బ్రెజిల్ అడవుల్లోని యానోమామి తెగవాళ్ళ మూత్రంలో సోడియం దాదాపు లేనట్టే తేలింది. ఉత్తర చైనాలోని తియాన్‌జిన్‌లో అన్నిటికంటే ఎక్కువ వచ్చింది, ఉప్పు లెక్కలో రోజుకి 14 గ్రాముల పైమాట. ఏ ప్రశ్నాపత్రమైనా ఇంత తేడా ఉన్న తిండి అలవాట్లను ఒకే కొలబద్ద మీద పెట్టగలిగేదా అంటే అనుమానమే.

అయితే ఈ పద్ధతి పెట్టే ఇబ్బంది అంతా ఇంతా కాదు. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం వదిలేయాలి. అక్కణ్ణుంచి మర్నాడు పొద్దున మొదటిసారి వెళ్ళేదాకా ప్రతిసారీ క్యాన్‌లోనే పట్టాలి. ఆ క్యాన్ వెంటేసుకుని పొలానికో ఆఫీసుకో వెళ్ళాలి. బస్సులో ఉన్నవాళ్ళు, పెళ్ళికి వెళ్ళినవాళ్ళు, నెలసరిలో ఉన్న ఆడవాళ్ళు ఏం చేస్తారు? చాలామంది ఒకటి రెండుసార్లు బయట వెళ్ళొచ్చేసి, మొహమాటానికి ‘అంతా పట్టామండీ’ అనేస్తారు. ఈ సంగతి పరిశోధకులకు తెలియంది కాదు. అందుకే కొన్ని అధ్యయనాల్లో పాబా అనే మాత్రను, 80 మిల్లీగ్రాములది, రోజుకి మూడుసార్లు మింగిస్తారు. అది ఒంట్లో నిలవదు, మూత్రంలో బయటికొచ్చేస్తుంది. మింగినదాంట్లో 85 శాతమైనా క్యాన్‌లో కనబడకపోతే, ఆ మనిషి మూత్రం పూర్తిగా పట్టలేదని అర్థం. మూత్రాన్ని నమ్మినంతగా మనిషి మాటను నమ్మలేదన్నమాట.

మండుటెండలో మిరపచేలో పనిచేసే కూలీ విషయంలో ఇంకో చిక్కుంది. చెమటతో పోయిన సోడియం క్యాన్‌లో పడదు, అంచనా తగ్గిపోతుంది.

ఇదంతా సరిగ్గా జరిగినా ఒక్క రోజు మూత్రంతో ఒక మనిషి గురించి గట్టిగా ఏమీ చెప్పలేం. మాస్కోలో అంగారక యాత్రకు నకలుగా కొందరిని 105 రోజులు, మరోసారి 520 రోజులు మూసిన గదుల్లో ఉంచి ప్రయోగాలు చేశారు. వాళ్ళకు పెట్టే తిండిలో ఉప్పు ఎంతో కచ్చితంగా తెలుసు. రోజూ అంతే ఉప్పు పెట్టినా, మూత్రంలో సోడియం కొన్నాళ్ళు పెరుగుతూ కొన్నాళ్ళు తగ్గుతూ పోయింది. ఒక్క రోజు మూత్రం చూసి ఆ మనిషికి ఎంత ఉప్పు పెడుతున్నారో చెప్పమంటే, సుమారు సగంసార్లు మాత్రమే సరిగ్గా తేలింది. మూడు రోజులవి కలిపి చూస్తే 75 శాతం, ఏడు రోజులవి చూస్తే 92 శాతం దాకా వచ్చింది. కాబట్టి 9.46 అన్నది జనం సగటుగా గట్టి అంకే. ఆ సర్వేలో పాల్గొన్న ఏ ఒక్కరికీ ‘మీరు ఇంత తింటున్నారు’ అని చీటీ రాసివ్వడానికి మాత్రం పనికిరాదు. వెయ్యి మంది హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక్క మనిషి దగ్గర కొట్టేసుకోవడానికి ఏమీ ఉండదు.

పైన చల్లుకుంటారా?

ఇంత ఖర్చూ, ఇంత తతంగమూ లేకుండా పని జరగాలనుకుంటే మిగిలేది అడగడమే. ఆ దారిలో తొలినాళ్ళలో నడిచినవాళ్ళలో అమెరికా వైద్యుడు లూయిస్ డాల్ ఒకడు. 1950లలో ఆయన న్యూయార్క్ దగ్గరి బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాల ఉద్యోగులను మూడు గుంపులు చేశాడు. భోజనాల బల్ల దగ్గర ఉప్పు అసలు ముట్టనివాళ్ళు, రుచి చూసి చాలకపోతే వేసుకునేవాళ్ళు, రుచి కూడా చూడకుండానే చల్లేసేవాళ్ళు. మూడో గుంపులో రక్తపోటు ఎక్కువగా కనిపించింది. చూడటానికి ఎంత చక్కని ప్రశ్న! మనిషికి చటుక్కున గుర్తొచ్చే అలవాటు మీద అడిగాడు. తర్వాతి వాళ్ళు మూత్రంతో పోల్చి చూస్తే, బల్ల దగ్గరి అలవాటుకీ మొత్తం తినే ఉప్పుకీ అంత గట్టి సంబంధం కనబడలేదు.

ఎందుకు కనబడలేదో 1991లో మాట్స్, డోనెలీ అనే పరిశోధకుల లెక్క చూస్తే తెలుస్తుంది. వాళ్ళు పరిశీలించిన అమెరికన్లు తినే సోడియంలో 77 శాతం ఫ్యాక్టరీల్లోనో హోటళ్ళలోనో తయారైన తిండితోనే వచ్చేస్తోంది. బల్ల దగ్గర చల్లుకునేది 6 శాతం. ఆ ఆరు శాతం గురించి అడిగి మొత్తం లెక్క ఊహించడమంటే, బీరకాయ బేరం చూసి ఇంటి నెల ఖర్చు చెప్పినట్టే.

ఈ ప్రశ్న ఇప్పటికీ బతికే ఉంది. బ్రిటన్‌లో ఐదు లక్షల మంది ఆరోగ్య వివరాలు దాచిన యూకే బయోబ్యాంక్‌లో ఉప్పు గురించి అడిగింది, వంటలో వేసేది కాకుండా తిండి మీద పైన ఉప్పు వేసుకుంటారా అని. అరుదుగా లేదా అసలు వేసుకోను, అప్పుడప్పుడు, సాధారణంగా, ఎప్పుడూ — ఈ నాలుగింట్లో ఒకటి చెప్పాలి. దీని ఆధారంగా 2022లో ఒక పత్రం వచ్చింది. ఎప్పుడూ వేసుకుంటామన్నవాళ్ళు అకాలంగా చనిపోయే ముప్పు, అరుదుగా లేదా అసలు వేసుకోమన్నవాళ్ళతో పోలిస్తే 28 శాతం ఎక్కువని అందులో తేల్చారు. వార్తల్లో మారుమోగిపోయింది. ఆ పత్రం తప్పని నేననను. కానీ అది కొలిచింది ఉప్పును కాదు, అలవాటును. రుచి చూడకుండా ఉప్పు చల్లేసుకునే మనిషి పొగ తాగడంలో, కూరగాయలు తినకపోవడంలో, డాక్టరు మాట వినకపోవడంలో కూడా వేరుగా ఉండొచ్చు. లెక్కల్లో వీటిని సవరించారు. ఎంత సవరించినా ఎక్కడో కొంత మిగిలే ఉంటుంది.

అదే ప్రశ్న మన ఇంటికొస్తే ఇంకో వేషం వేస్తుంది. పెద్దాయనకు బీపీ అని ఇంటిల్లిపాదికీ చప్పగా వండే ఇల్లు ఒకటుందనుకోండి. ఆ ఇంట్లో కుర్రాడు ప్రతి ముద్దకీ ఉప్పు డబ్బా వైపు చెయ్యి చాస్తాడు. సర్వే కాగితంలో వాడు ‘ఎప్పుడూ’. పక్కింటివాళ్ళకు కంచంలో ఉప్పు వేసుకునే అవసరమే రాదు, ఎందుకంటే కూరలోనే దండిగా పడుతోంది, పక్కన మాగాయ ఉండనే ఉంది. వాళ్ళు ‘అసలు వేసుకోం’. రెండు ఇళ్ళలో ఎవరు ఎక్కువ తింటున్నట్టు?

అందరూ ఒకే జవాబు చెప్పే ప్రశ్న

జీవనశైలి జబ్బుల సర్వేల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘స్టెప్స్’ అనే పద్ధతి తయారుచేసి పెట్టింది. చాలా దేశాలు దాన్నే కొద్దిగా మార్చుకుని వాడతాయి. అందులో ఉప్పు మీద కొన్ని ప్రశ్నలున్నాయి. తినేముందో తింటూనో ఉప్పుగానీ ఉప్పటి సాస్‌గానీ ఎంత తరచుగా వేసుకుంటారు? ఇంట్లో వంటలో ఎంత తరచుగా వేస్తారు? ఉప్పు ఎక్కువుండే ప్రాసెస్డ్ ఆహారం ఎంత తరచుగా తింటారు? మొత్తానికి మీరు ఉప్పు ఎంత తింటున్నారనుకుంటున్నారు — మరీ ఎక్కువా, ఎక్కువా, సరిపడానా, తక్కువా, మరీ తక్కువా?

వీటిని పట్టుకుని సర్వే అమ్మాయి ఒక ఇంటి గుమ్మం ఎక్కిందనుకుందాం.

“పిన్నిగారూ, మీ ఇంట్లో వంటలో ఉప్పు ఎంత తరచుగా వేస్తారండీ?”

“అదేం ప్రశ్నమ్మా, ఉప్పు వెయ్యకుండా ఎవరన్నా వండుతారా?”

“అంటే ‘ఎప్పుడూ’ అని రాసుకోనాండీ?”

“రాసుకో. అన్నంలో మాత్రం వెయ్యం.”

ఆ వీధిలో అన్ని ఇళ్ళలోనూ ఇదే జవాబొస్తుంది. అందరూ ఒకటే చెప్పే ప్రశ్న ఎక్కువ తినేవాళ్ళనీ తక్కువ తినేవాళ్ళనీ ఎలా విడదీస్తుంది? సోయా సాస్ వాడే ఇంట్లోనూ వాడని ఇంట్లోనూ తేడా చెప్పొచ్చేమోగానీ, మన వంటింట్లో ఆ ప్రశ్నకు పని లేదు. ఇక ప్రాసెస్డ్ ఆహారం ప్రశ్న. చిప్స్, నూడుల్స్ లాంటి బొమ్మలున్న షోకార్డు చూపిస్తే, ‘అవి పిల్లలు ఎప్పుడన్నా తింటారు, మేం తినం’ అంటారు. జాడీలో ఆవకాయ, డబ్బాలో వడియాలు, చల్ల మిరపకాయలు, అటక మీద అప్పడాల మూట, కోస్తాలో అయితే ఎండుచేపలు — ఇవేవీ వాళ్ళ దృష్టిలో ఆ కార్డులోకి రావు. ఇంట్లో చేసుకున్నది ప్రాసెస్డ్ ఎలా అవుతుంది? షోకార్డు మీద స్థానిక తిండి బొమ్మలు పెట్టాలని నిబంధనలో ఉంటుంది. కార్డు తయారుచేసినవాళ్ళు జాడీ బొమ్మ పెట్టారా లేదా అన్నదాని మీద జవాబు తిరగబడుతుంది.

చివరి ప్రశ్నకు దాదాపు అందరూ ‘సరిపడా తింటున్నాం’ అనే చెబుతారు. అబద్ధం కాదది. నాలుక ఇంటి వంటకు అలవాటుపడి ఉంటుంది. ఉప్పు తగ్గించి తినడం మొదలుపెడితే కొన్ని వారాల్లో తక్కువ ఉప్పే సరిపడా అనిపిస్తుందని ప్రయోగాల్లో తేలింది. కాబట్టి ‘సరిపడా’ అన్న మాటలో గ్రాములు వెతకడం దండగ. దాని వెనక ఇంకో సంగతి కూడా ఉంది. చప్పిడి తిండి అంటే మనకు జబ్బుమనిషి తిండి. నేను తక్కువ తింటానని ఒప్పుకోవడం ఎవరికి సరదా? డాక్టరు తిట్టిన మనిషైతే అటు తిరిగి ‘అబ్బే, చాలా తగ్గించేశామండీ’ అంటాడు.

నిన్న ఏం తిన్నారు?

దీనికంటే గట్టి పద్ధతి నిన్నటి తిండి గుర్తుచేయించడం. నిన్న పొద్దున లేచింది మొదలు ఇవాళ పొద్దుటిదాకా ఏమేం తిన్నారో, ఎంతెంతో రాబడతారు. అమెరికా వ్యవసాయ శాఖ దీన్ని ఐదు అంచెల్లో చేస్తుంది. ముందు గుర్తొచ్చినవన్నీ చెప్పమంటారు. తర్వాత మర్చిపోయేవాటి గురించి తట్టిలేపుతారు, టీ, బిస్కెట్టు, మధ్యలో తిన్న చిరుతిండి. తర్వాత ఏ వేళకి, తర్వాత ఎంత, ఎలా వండారు, ఆఖర్న ఇంకేమన్నా మిగిలిందా. ఈ పద్ధతిని మూత్రంతో పోల్చి చూస్తే సోడియం విషయంలో మగవాళ్ళ దగ్గర 93 శాతం, ఆడవాళ్ళ దగ్గర 90 శాతం దాకా పట్టుకోగలిగింది. సగటుగా చూస్తే మెచ్చుకోదగ్గ ఫలితమే.

ఇంత బాగా రావడానికి కారణం అడిగినవాళ్ళ చాతుర్యం ఒక్కటే కాదు. అక్కడి తిండిలో ఎక్కువ భాగం ప్యాకెట్‌లోంచి వస్తుంది, ప్యాకెట్ మీద సోడియం రాసి ఉంటుంది. ఫలానా కంపెనీ సూప్ ఒక డబ్బా తిన్నానంటే సోడియం ఎంతో పుస్తకం చూసి చెప్పొచ్చు.

మన పప్పుకి ఏ పుస్తకం చూడాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పోషక పట్టికల్లో 528 పదార్థాల వివరాలున్నాయి. కందిపప్పులో ఎంత సోడియమో అందులో ఉంటుంది, అది కొంచెమే. మనకు కావలసింది ఆ ఇంటి ఇల్లాలు ఆ రోజు పోపు పెట్టేముందు వేసిన ఉప్పు.

నలుగురున్న ఇంట్లో మామిడికాయ పప్పు వండారనుకుందాం. దించాక గిన్నెలో కిలో పప్పు ఉంది. ఉప్పెంత వేశారంటే ‘రెండు చెంచాలు’ అన్నారు. ఏ చెంచా? తలకొట్టి కొలిచిన టీస్పూను మెత్తటి ఉప్పు 5 నుంచి 6 గ్రాములు తూగుతుంది. ఉప్పు డబ్బాలో పడి ఉండే చెంచా ఆ కొలతకు ఉండాలనేం లేదు. గోపురంగా తీశారా, తలకొట్టి తీశారా? కళ్ళుప్పు అయితే పలుకుల మధ్య ఖాళీ వల్ల అదే చెంచాలో తక్కువ తూగుతుంది. రుచి చూసి, చాలదని మళ్ళీ చిటికెడు వేసింది ఎవరికీ గుర్తుండదు. సరే, అన్నీ కలిసొచ్చి కిలో పప్పులో 10 గ్రాములు పడిందనుకుందాం. వంద గ్రాముల పప్పుకి ఒక గ్రాము. ఇంటాయన రెండు గరిటెలు వేయించుకున్నాడు. గరిటెకు 80 గ్రాములైతే ఆయన లోపలికి పోయింది 1.6 గ్రాములు, 120 గ్రాములైతే 2.4. ఒక్క పప్పులోనే, ఒక్క పూటలోనే ఇంత తేడా. చారు, కూర, ఆవకాయ, మజ్జిగన్నంలో ఉప్పుగల్లు ఇంకా మిగిలే ఉన్నాయి.

ఆవకాయ సంగతి విడిగా చెప్పాలి. బజారు సీసా మీద వంద గ్రాములకు 5,000 మిల్లీగ్రాముల సోడియం అని ఉందనుకోండి. రెండున్నరతో గుణిస్తే 12.5 గ్రాముల ఉప్పు. 15 గ్రాముల ముక్కా పిండీ వేసుకుంటే దాదాపు 1.9 గ్రాములు, రోజు కోటాలో మూడో వంతుకు పైన. మరి ఆయన ముక్క మొత్తం తిన్నాడా, టెంక పక్కన పెట్టేశాడా, ఊటతో అన్నం కలుపుకున్నాడా? పైగా మే నెలలో కొత్తావకాయ కలిపిన వారం అడిగితే ఒక జవాబు, పాత జాడీ అడుగంటిన రోజుల్లో అడిగితే ఇంకో జవాబు. ‘గత నెలలో ఊరగాయ వారానికి ఎన్నిసార్లు తిన్నారు’ అని అడిగే ప్రశ్నావళులున్నాయి. అవి ఇంటర్వ్యూ ఒక్క రోజుకే పరిమితం కాకుండా చూస్తాయి. ఎంత తిన్నారన్న దగ్గర మాత్రం ఇంకా వదులు.

ఇంకో విషయం, అడిగేది ఎవర్ని? సర్వే జాబితాలో ఇంటాయన పేరు వస్తే ఆయన్నే అడగాలి. కూరలో ఎంత ఉప్పు పడిందో ఆయనకేం తెలుసు? వండిన ఆవిడ పక్క గదిలోంచి అందిస్తుంది. అదే ఆవిడ పేరు వస్తే, అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలినదాంతో తిన్న భోజనాన్ని గరిటెల లెక్కన చెప్పమంటారు.

ఉప్పు ప్యాకెట్ ఎన్నాళ్ళకి?

ఇక్కడ ఒక తెలివైన అడ్డదారి ఉంది. గ్రాములూ గరిటెలూ వదిలేసి, ‘కిలో ఉప్పు ప్యాకెట్ ఎన్నాళ్ళు వస్తుంది, ఇంట్లో తినేవాళ్ళు ఎంతమంది’ అని అడగడం. నలుగురింట్లో నెలకి ఒక ప్యాకెట్ అయితే, వెయ్యి గ్రాములను ముప్పైతో భాగించి, మళ్ళీ నాలుగుతో భాగిస్తే తలకు 8.3 గ్రాములు. మూత్రం పరీక్షలు చెప్పే సగటుకి ఆశ్చర్యపోయేంత దగ్గర.

అయితే ప్యాకెట్‌లో ఉప్పంతా కడుపులోకే పోదు. చేపలు రుద్ది కడగడానికి కొంత, కాలీఫ్లవర్ ఉప్పునీళ్ళలో వెయ్యడానికి కొంత, గొంతు నొప్పికి పుక్కిలించడానికి కొంత, పిల్లాడికి దిష్టి తీసి పొయ్యిలో పడేసింది కొంత. ఇంకోవైపు టిఫిన్ సెంటర్ ఇడ్లీ చట్నీ, హాస్టల్ మెస్సు, ఊరినుంచి అమ్మ పంపిన జాడీ ఈ లెక్కలోకే రావు. ఎండాకాలం ఊరగాయల కోసం విడిగా కొన్న కళ్ళుప్పు ఏ నెల ఖాతాలో వేయాలి? పదేళ్ళ పిల్లకీ పొలం పనిచేసే తండ్రికీ సమానంగా పంచడం మరో తప్పు. ఇన్ని లోపాలున్నా మనలాంటి చోట, ఉప్పులో పెద్ద వాటా ఇంటి వంటలోంచే వచ్చే చోట, ‘పైన చల్లుకుంటారా’ కంటే ఈ ప్రశ్నే నయమని నా నమ్మకం.

చైనా వాళ్ళు దీన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్ళారు. అక్కడి ఆరోగ్య పోషణ సర్వేల్లో వరసగా మూడు రోజులు తిండి వివరాలు అడగడంతోపాటు, ఇంట్లో ఉప్పు, సోయా సాస్ లాంటివాటిని మొదటి రోజూ చివరి రోజూ తూకం వేస్తారు. ఎందుకంటే వాళ్ళ ఇబ్బందీ మనదే. 1990ల చివర్లో చైనా, జపాన్, బ్రిటన్, అమెరికాలను పోల్చిన ఇంటర్‌మ్యాప్ అధ్యయనంలో, చైనావాళ్ళ సోడియంలో 76 శాతం ఇంటి వంటలో వేసిన ఉప్పు నుంచే వస్తోందని తేలింది. ఫ్యాక్టరీ, హోటల్ తిండి నుంచే 77 శాతం వచ్చే అమెరికా అంకెతో పక్కపక్కన పెట్టి చూడండి, తలకిందులు. అక్కడ పుట్టిన ప్రశ్నను ఇక్కడికి అనువదించుకుంటే సరిపోదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

తప్పు లెక్క ఎక్కడికి దారితీస్తుంది

కొలతలో కొంత తప్పుంటే ఏమైంది, జనం సగటు చూస్తున్నాం కదా అనొచ్చు. తప్పులు రెండు రకాలు. ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ చెప్పే తప్పు సగటులో చాలావరకు సర్దుకుపోతుంది. కానీ ఉప్పుకీ రోగానికీ సంబంధం వెతికేటప్పుడు అదే తప్పు ఆ సంబంధాన్ని పలచబరుస్తుంది. నిజంగా ఉన్న ముప్పు కూడా కాగితం మీద లేనట్టు కనిపిస్తుంది. అందరూ ఒకే వైపు తప్పు చెబితే ఇంకా ప్రమాదం. బీపీ వచ్చాక డాక్టరు మాటమీద తగ్గించినవాళ్ళు, తగ్గించామని చెప్పేవాళ్ళు ఒక గుంపులో చేరితే, ఉప్పు తక్కువ తినేవాళ్ళకే బీపీ ఉందన్నట్టు లెక్క వస్తుంది.

మూత్రం వాడినా దగ్గరి దారి తొక్కితే ఇలాంటిదే ఎదురవుతుంది. 2014లో వచ్చిన ప్యూర్ అధ్యయనం లక్ష మందికి పైగా చూసి, రోజుకి 3 నుంచి 6 గ్రాముల సోడియం, అంటే 7.5 నుంచి 15 గ్రాముల ఉప్పు తినేవాళ్ళకే ముప్పు అన్నిటికంటే తక్కువని, అంతకంటే తగ్గినా ప్రమాదమేనని చెప్పింది. ఉప్పు తగ్గించమనేవాళ్ళకు అది పెద్ద షాకే. అందులో సోడియాన్ని పొద్దున ఒక్కసారి ఇచ్చిన మూత్రం నుంచి కవాసాకి సమీకరణంతో అంచనా వేశారు. ఆ సమీకరణంలో వయసు, ఎత్తు, బరువు కూడా ఉంటాయి. అవి వాటంతట అవే గుండెజబ్బుతో ముడిపడ్డవి. 2022లో ఆరు అధ్యయనాల్లోని 10,709 మందివి, ఒక్కొక్కరివి ఒకటికంటే ఎక్కువ రోజుల పూర్తి మూత్రాలను కలిపి చూస్తే, సోడియం పెరిగేకొద్దీ గుండెజబ్బు ముప్పూ పెరుగుతూ పోయింది. తక్కువ తినేవాళ్ళ దగ్గర ముప్పు మళ్ళీ లేవడం కనబడలేదు. వాదన ఇంకా పూర్తిగా చల్లారలేదు. నేనైతే రెండో లెక్క వైపే మొగ్గుతాను, కొలత గట్టిది కాబట్టి.

మరి ప్రశ్నావళి దేనికి?

క్యాన్‌లోని మూత్రం ఒక విషయం ఎప్పటికీ చెప్పదు. ఆ సోడియం ఆవకాయదా, బ్రెడ్డుదా, పప్పుదా అన్నది. ప్రభుత్వానికి కావలసింది అదే. ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిస్తేనే ఎక్కడ తగ్గించాలో తెలుస్తుంది.

బ్రిటన్ ఈ రెంటినీ జోడు గుర్రాల్లా వాడుకుంది. ఎవరెవరు ఏం తింటున్నారో తిండి డైరీలు రాయించి, ఉప్పు ఎక్కువగా బ్రెడ్డు, మాంసపు ఉత్పత్తుల లాంటివాటిలోంచి వస్తోందని గుర్తించి, కంపెనీలకు 2006లో లక్ష్యాలు పెట్టింది. మొత్తం తగ్గిందా లేదా అన్నది మాత్రం డైరీలకు వదల్లేదు, మూత్రంతోనే చూసింది. 2000–01లో 9.5 గ్రాములున్నది 2011కి 8.1కి దిగింది. దక్షిణాఫ్రికాలో చార్ల్‌టన్ అనే పరిశోధకురాలి బృందం 2008లో, అక్కడి జనం ఉప్పు ఎక్కువగా ఏ పదార్థాల్లోంచి తింటున్నారో వెతికి, 42 పదార్థాలతో చిన్న ప్రశ్నావళి తయారుచేసి మూత్రంతో సరిచూసింది. అక్కడా బ్రెడ్డు పెద్ద దోషి. ఆ దేశం 2013లో చట్టం చేసి, 2016 నుంచి బ్రెడ్డులో సోడియానికి హద్దు పెట్టింది.

మనకు అలా ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆపగలిగే ఉప్పు తక్కువే. కోట్ల వంటిళ్ళ దగ్గర ఆపాలి. కాబట్టి మన ప్రశ్నావళిలో ప్యాకెట్ ఎన్నాళ్ళకి, ఊరగాయ జాడీలు ఏడాదికెన్ని, వంట ఎవరు చేస్తారు, బయట టిఫిన్ వారానికి ఎన్ని రోజులు, మజ్జిగన్నంలో ఉప్పు పడుతుందా, ఇంట్లో ఎవరికైనా విడిగా చప్పగా వండుతారా లాంటివి ఉండాలి. వాటితో గ్రాములు రావు. ఎవరితో ఏం మాట్లాడాలో తెలుస్తుంది. ఆశా కార్యకర్తకు కావలసింది కూడా అదే. బీపీ మాత్రలు వాడే పెద్దావిణ్ణి ‘ఉప్పు తగ్గించారా’ అంటే ‘ఆఁ’ అంటుంది, మాట అక్కడితో అయిపోతుంది. ‘కూర మీకు విడిగా తీశాక ఉప్పు వేస్తున్నారా, అందరికీ కలిపేనా’ అంటే అసలు సంగతి బయటికొస్తుంది.

బెంగళూరులోని ఐసీఎంఆర్ సంస్థ నడిపిన 2017–18 జాతీయ సర్వే, దేశంలో 18–69 ఏళ్ళవాళ్ళు సగటున రోజుకి 8 గ్రాముల ఉప్పు తింటున్నారని చెప్పింది. మగవాళ్ళు 8.9, ఆడవాళ్ళు 7.1. దీన్ని మొదట చెప్పిన 9.46 పక్కన పెట్టి ‘తగ్గిందోచ్’ అనడానికి లేదు. ఈ 8 దేశం మొత్తానిది, ఆ 9.46 ఒక రాష్ట్రానిది. పైగా ఇది ఒక్కసారి ఇచ్చిన మూత్రం శాంపిల్ నుంచి సమీకరణంతో కట్టిన అంచనా, అది రోజంతా పట్టిన మూత్రంతో తేల్చిన లెక్క. ఉప్పు వాడకాన్ని 30 శాతం తగ్గించాలని ప్రపంచ దేశాలు 2025ని గడువుగా పెట్టుకున్నాయి. ఆ దారిలో ఆంధ్రప్రదేశ్ ఎంత దూరం వచ్చిందో తేలాలంటే, అప్పటి పద్ధతిలోనే మళ్ళీ వెయ్యి మందికైనా క్యాన్‌లు ఇవ్వాలి. వాటితోపాటు ప్రశ్నల కాగితం కూడా ఇవ్వాలి, ఈసారి దాని మీద జాడీ బొమ్మ వేసి.